చదరంగం ఆటగాడి కాగితాలు, పుస్తకాలు: ఎవరికి చేర్చాలి, ఎలా చేర్చాలి

నలభై ఏళ్లు చదరంగం ఆడిన మనిషి పోయాక ఇంట్లో మిగిలేవి దాదాపుగా ఇవే: రెండు మూడు అరల పుస్తకాలు, టోర్నమెంట్ బులెటిన్లు (ఆ పోటీలో ఆడిన ఆటలు అచ్చేసినవి), రబ్బరు బ్యాండు వేసిన స్కోర్ షీట్ల (ఆడిన ఎత్తులు రాసుకున్న కాగితాల) కట్టలు, లాంగ్ నోట్‌బుక్కులు, కొన్ని పోస్టుకార్డులు, ఒక గడియారం, ఒకటో రెండో పావుల పెట్టెలు. ఇంట్లోవాళ్లకు ఆట రాకపోతే చూపు ముందు పుస్తకాల మీదే పడుతుంది. గట్టి అట్టలు, పైన రష్యన్ అక్షరాలు, చూడగానే విలువైనవి అనిపిస్తాయి. వెలిసిపోయిన కార్బన్ కాగితాలేమో చిత్తు కాగితాల వాడి తక్కెడలోకి పోతాయి.

ఈ వరస తిరగెయ్యాలి. ఆ పుస్తకాలు ఇంకా వేల ఇళ్లలో ఉన్నాయి. ఆయన 1974లో ఒక జిల్లా టోర్నమెంటు ఐదో రౌండులో ఆడిన ఆట మాత్రం ఆ ఒక్క కాగితం మీదే ఉంది. ఆటలు వారం వారం కంప్యూటర్ డేటాబేసుల్లోకి చేరడం మొదలైంది 1990లలో. అంతకు ముందు జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడినవి చాలావరకు ఆడినవాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. మన దగ్గర ఆ ఆటలు తక్కువేం కాదు. మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగిందే ఏలూరులో, 1955లో, ఆర్.బి. సప్రే, డి. వెంకయ్య టైటిల్ పంచుకున్నారు. గుంటూరు, గుడివాడల నుంచి గ్రాండ్‌మాస్టర్లు రాకముందు యాభై ఏళ్ల పాటు ఈ ఊళ్లలో ఆడినవాళ్ల చరిత్ర అట్టపెట్టెల్లో ఉంది. అందుకే కాగితాల పని ముందు, పుస్తకాల పని తర్వాత.

ముందు ఏదీ కదపొద్దు

ఎలా ఉన్నవి అలాగే ఫోన్‌తో ఫోటోలు తియ్యండి. ఒక్కో అర, ఒక్కో పెట్టె, ఒక్కో సంచి. తెరిచి ఒకటి, మూసి ఒకటి. ఆయన ఏ కట్టలో ఏది పెట్టారన్నదే ఒక సమాచారం. తేదీ లేని నాలుగు షీట్లు 1981 రాష్ట్ర ఛాంపియన్‌షిప్ బులెటిన్ మధ్యలో దొరికితే అవి ఆ టోర్నమెంటువే అయ్యే అవకాశం ఎక్కువ. సాయం చేద్దామని వచ్చిన బంధువులు బులెటిన్లన్నీ ఒక పక్క, కాగితాలన్నీ ఒక పక్క పేర్చేస్తే ఆ ఆధారం పోతుంది, మళ్లీ రాదు.

ఫోటోలయ్యాక ఒక్కో కట్టను విడి కవరులో పెట్టి, కవరు మీద పెన్సిల్‌తో రాయండి: ‘బీరువా రెండో అర, ఎడమ పక్క, నీలం ఫైలు’. కాగితం మీద నేరుగా రాయొద్దు, బాల్ పెన్ను అసలే వద్దు. రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి, అవి కరిగి కాగితానికి అంటుకుంటాయి. గుండుసూదులు, జెమ్ క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే లాగొద్దు. కాగితం వెనక్కి తిప్పి, సన్నటి స్కేలు అంచుతో లేపి జారనివ్వండి.

పుస్తకాలను ఒక్కొక్కటే తీసుకుని పేజీలు తిప్పండి. ఆడేవాళ్లు పుస్తకంలో దొరికింది పెడతారు: బస్సు టికెట్టు వెనక రాసిన విశ్లేషణ, ఎవరు ఎవరితో ఆడాలో ఉండే పెయిరింగ్ చీటీ, ప్రత్యర్థి ఇచ్చిన విజిటింగ్ కార్డు. దొరికినచోటే ఉంచి, ఏ పేజీలో ఉందో చీటీ మీద రాసిపెట్టండి. ఆ పేజీలో ఉన్న పొజిషన్‌కూ ఆ విశ్లేషణకూ సంబంధం ఉంటుంది.

ఏ కాగితం ఏమిటి

స్కోర్ షీటు అంటే ఆట జరుగుతుండగా ఆటగాడు తన చేత్తో ఎత్తులు రాసుకున్న కాగితం. ఫిడే (అంతర్జాతీయ చదరంగం సమాఖ్య) నిబంధనల ప్రకారం అసలు షీటు నిర్వాహకులది. ఇంటికొచ్చేది సాధారణంగా దాని కింది కార్బన్ కాపీ, అందుకే మసకగా ఉంటుంది. మసకగా ఉందని పారేస్తే మిగిలిన ఒక్క కాపీనీ పారేసినట్టు.

పాత షీట్ల మీద రాత ఇప్పుడు వాడే ఇ4, ఎన్ఎఫ్3 తరహాలో, అంటే గడికి ఒక అక్షరం, ఒక అంకె పెట్టే అల్జీబ్రాయిక్ పద్ధతిలో ఉండకపోవచ్చు. ఇంగ్లిషు పుస్తకాలు చదివి ఆట నేర్చుకున్నవాళ్లు డిస్క్రిప్టివ్ పద్ధతిలో, అంటే గడిని ఏ పావు వరసలో ఉందో దాన్ని బట్టి పిలుస్తూ రాసేవారు; ఫిడే 1981 నుంచి అల్జీబ్రాయిక్ పద్ధతినే గుర్తిస్తోంది. పాత పద్ధతిలో మొదటి మూడు ఎత్తులు ఇలా కనిపిస్తాయి: పి-కె4, పి-కె4, కెటి-కెబి3, కెటి-క్యూబి3, బి-కెటి5. ఇప్పటి రాతలో అవే ఇ4, ఇ5, ఎన్ఎఫ్3, ఎన్‌సి6, బిబి5. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాత పద్ధతిలో ఎవరి వరసలు వాళ్ల వైపు నుంచి లెక్కపెట్టుకుంటారు. తెల్లపావుల పి-కె4 అంటే ఇ4 అయితే, నల్లపావుల పి-కె4 అంటే ఇ5. ఇది మరిచి టైపు చేస్తే రెండో ఎత్తుకే ఆట అడ్డం తిరుగుతుంది. ‘పి×పి’ అని మాత్రమే రాసి ఉంటే ఏ బంటు ఏ బంటును కొట్టిందో కాగితం చెప్పదు; బోర్డు మీద ఎత్తులు వేసుకుంటూ పోతేనే తెలుస్తుంది. అందుకే ఈ పని టైపిస్టుకు కాదు, ఆట వచ్చినవాళ్లకే అప్పగించాలి.

ఒకే ఆట రెండు షీట్ల మీద ఉండొచ్చు. కంప్యూటర్లు రాకముందు ఐదు గంటల్లో తేలని ఆటను వాయిదా వేసేవారు. తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి ఆర్బిటర్‌కు (పోటీ న్యాయనిర్ణేతకు) ఇచ్చేవారు. మర్నాడు ఆట 41వ ఎత్తు నుంచో 42వ ఎత్తు నుంచో ఇంకో కాగితం మీద కొనసాగేది. ఒకటో ఎత్తు లేకుండా మధ్యలో మొదలైన షీటు కనిపిస్తే దాని జత కోసం వెతకండి. వాయిదా పొజిషన్ మీద రాత్రంతా చేసిన విశ్లేషణ కాగితాలూ పక్కనే దొరుకుతాయి.

పోస్టుకార్డుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కార్డు మీద 5254, 7163 లాంటి నాలుగంకెల సంఖ్యలు కనిపిస్తే అవి చిట్టీ లెక్కలు కావు. ఉత్తరాల ద్వారా చదరంగం ఆడేవాళ్లు భాషతో పని లేకుండా అంకెలతో ఎత్తు రాస్తారు. నిలువు వరసలకు ఎడమ నుంచి 1 నుంచి 8, అడ్డ వరసలకు కింద నుంచి 1 నుంచి 8. 5254 అంటే ఐదో నిలువు వరస రెండో గడి నుంచి అదే వరస నాలుగో గడికి, అంటే ఇ2 నుంచి ఇ4. 7163 అంటే జి1 గుర్రం ఎఫ్3కి. తెల్లరాజు మంత్రి లేని వైపు కోట కడితే (క్యాస్లింగ్ చేస్తే) 5171. ఒక ఆట ఏళ్ల తరబడి సాగేది. మీ ఇంట్లో ఉన్నవి ప్రత్యర్థి పంపిన కార్డులు మాత్రమే. మీవాళ్లు రాసినవి ప్రత్యర్థి ఇంట్లో ఉంటాయి. కానీ ప్రతి జవాబులోనూ ‘మీ ఎత్తు ఇది అందింది, నా ఎత్తు ఇది’ అని రెండూ రాయడం ఆచారం కాబట్టి ఒక వైపు కార్డులతోనే ఆట మొత్తం తిరిగి కట్టొచ్చు. ప్రత్యర్థి పేరు వారీగా, తపాలా ముద్ర తేదీ వరసలో పేర్చండి.

నోట్‌బుక్కుల్లో సగం పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్నవి ఉంటాయి, సగం సొంత విశ్లేషణ. ఆట రానివాళ్లు ఈ రెంటినీ విడదియ్యలేరు, విడదియ్యాల్సిన పనీ లేదు. పాతకాలం నోటుపుస్తకంలో దేశవాళీ ఆట కనిపిస్తే మాత్రం దాన్ని అన్నిటికన్నా పైన పెట్టండి. అందులో సాధారణంగా బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకదు, కోట కట్టడం ఉండదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఆ ఆటలను రాసి ఉంచినవాళ్లే తక్కువ.

కంప్యూటరునూ మరవొద్దు. ఆటలు దాచుకునే ఛెస్‌బేస్ ప్రోగ్రాము వాడిన మనిషైతే ఒక్కో డేటాబేసు ఒకే పేరుతో, వేర్వేరు తోకలున్న పదీ పన్నెండు ఫైళ్లుగా ఉంటుంది: సీబీహెచ్, సీబీజీ, సీబీఏ, సీబీపీ, ఇంకా కొన్ని. సీబీహెచ్ ఒక్కటే కాపీ చేస్తే అందులో ఆటల ఎత్తులుండవు. ఫోల్డరు మొత్తం కాపీ చెయ్యాలి. లీచెస్ అనే ఉచిత ఆన్‌లైన్ చదరంగం సైటులో ఆడి ఉంటే పాస్‌వర్డు అక్కర్లేదు. యూజర్ పేరు తెలిస్తే ఆటలన్నీ దింపుకోవచ్చు.

చెద, బూజు, తడి

చెద పట్టిన పెట్టెను మిగతావాటి పక్కన పెట్టొద్దు. బయటికి తెచ్చి, తెల్లగుడ్డ పరిచి, కాగితాలను మెత్తటి పెయింటు బ్రష్షుతో బయటివైపుకు దులపండి. బూజు వాసన వస్తే నీడలో, ఫ్యాను కింద, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే కార్బన్ రాత ఇంకా వెలిసిపోతుంది, అట్టలు వంకర తిరుగుతాయి. బూజు దులిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. అంటుకుపోయిన పేజీలను బలవంతంగా విడదియ్యొద్దు.

కుటుంబాలు మంచి ఉద్దేశంతోనే చేసే హాని మూడు రకాలు. ఒకటి లామినేషన్: ఒకసారి చేయిస్తే వెనక్కి తియ్యలేం, వేడికి రాత చెడుతుంది. రెండు సెల్లోటేపు: పదేళ్లకు పసుపుపచ్చటి మరక మిగిలి టేపు ఊడిపోతుంది. మూడు, స్టేషనరీ షాపులో దొరికే చవక ప్లాస్టిక్ కవర్లు: పీవీసీ కవరుకు కార్బన్ రాత అంటుకుని కాగితం తెల్లగా మిగులుతుంది. మామూలు తెల్లకాగితంతో చేసిన ఫోల్డర్లు, వాటిని నిలువుగా పట్టే అట్టపెట్టె చాలు. పెట్టెను నేల మీద కాక బల్ల మీద, బయటి గోడకు ఆనకుండా పెట్టండి. మన వానాకాలంలో తడి బయటి గోడ నుంచే వస్తుంది.

ఎవరికీ ఇవ్వకముందే ఫోటో కాపీ

ఎవరికిచ్చినా, ఇచ్చే ముందు ప్రతి కాగితానికీ ఒక బొమ్మ మీ దగ్గర ఉండాలి. స్కానరు ఉంటే 300 డీపీఐ, మసక కార్బన్‌కు 400. రంగుల్లోనే తియ్యండి. నలుపు-తెలుపులో పెడితే పెన్సిల్ రాత, నీలి కార్బన్ మాయమవుతాయి. ఫోనుతో అయితే కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకోండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా తియ్యండి; గడియారం సమయాలు, చిరునామాలు అక్కడ రాసుకుంటారు.

ఫైలు పేరులో సంవత్సరం ముందు రావాలి: 1981-05-విజయవాడ-రౌండ్04. అప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. తేదీ తెలియకపోతే ఊహించి రాయొద్దు. 198x అని వదిలెయ్యండి. ఒక కాపీ ఇంట్లో డ్రైవులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర, ఒకటి క్లౌడ్‌లో. ‘వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా’ అనుకోవద్దు, అక్కడ బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది.

ఎత్తులను పీజీఎన్‌లోకి ఎక్కించడం

పీజీఎన్ అంటే ఆటలను మామూలు అక్షరాల ఫైలుగా దాచే పద్ధతి, 1993 నుంచి ఉంది. ఏ చదరంగం ప్రోగ్రామైనా దాన్ని చదువుతుంది, ముప్పై ఏళ్ల తర్వాత కూడా చదవగలదు. ఉచితంగా దొరికే స్కిడ్ అనే ప్రోగ్రాములో గానీ, లీచెస్ సైటులో ఆటలు దాచుకునే ‘స్టడీ’లో గానీ ఎత్తులు వేసుకుంటూ పోతే ఫైలు తయారవుతుంది. లీచెస్‌లో ఒక్కో స్టడీకి 64 అధ్యాయాలే పడతాయి కాబట్టి 300 ఆటలకు ఐదు స్టడీలు కావాలి. ఆట బాగా వచ్చినవాళ్లకు ఒక్కో షీటుకు సగటున 8 నిమిషాలు వేసుకోండి. 300 షీట్లంటే 40 గంటలు. స్థానిక అకాడమీలో 1600, 1700 రేటింగ్ ఉన్న ఇద్దరు పిల్లలు సెలవుల్లో ఈ పని చక్కగా చేస్తారు. ఇలా అడిగితే కాదనే కోచ్ అరుదు, పిల్లలకూ పాత ఆటలు చూసినట్టవుతుంది. ఊరికే చేయించుకోకండి, గంటకింత అని ఇవ్వండి. అసలు కాగితాలు కాదు, ఫోటోలే పంపండి.

ప్రతి ఆటకూ ఏడు వివరాలు తప్పనిసరి: టోర్నమెంటు, ఊరు, తేదీ, రౌండు, తెల్లపావులు ఎవరు, నల్లపావులు ఎవరు, ఫలితం. తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో పడాలి. షీటు మీద 5/6/77 అని ఉంటే మన అలవాటులో అది జూన్ 5, కాబట్టి 1977.06.05. తెలియని భాగంలో ప్రశ్నార్థకాలు పెట్టాలి: 1977.??.??. పేర్ల దగ్గర ఇంటిపేరుతో సహా పూర్తిపేరు కావాలి. ‘రావు’ అని మాత్రమే ఎక్కిస్తే ఆ ఆట ఎవరిదో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. టోర్నమెంటు ఫలితాల పట్టిక గానీ, సావనీరు గానీ దొరికితే పేరు అక్కడ సరిచూసుకోండి.

ఎత్తు కుదరడం లేదని ప్రోగ్రాము ఆపేస్తే సాధారణంగా తప్పు ఆ ఎత్తులో ఉండదు, దానికి రెండు మూడు ఎత్తుల ముందు ఉంటుంది. ఆటగాడు ఒక ఎత్తు రాయడం మరిచిపోయి ఉంటాడు, లేదా తెల్లపావుల గడిలో నల్లపావుల ఎత్తు రాసి ఉంటాడు. 30వ ఎత్తు దాటాక రాత చెదిరితే అది టైము తక్కువ పడ్డ గుర్తు. గడియారంలో ఐదు నిమిషాల కన్నా తక్కువ మిగిలితే, ఎత్తుకు 30 సెకన్లు కలిసే పద్ధతి లేనప్పుడు, రాయకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. బాగుండే ఎత్తును మనం ఊహించి వెయ్యకూడదు. ఇంజను (మంచి ఎత్తును లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము) చెప్పిందని ఎత్తు మార్చకూడదు. చదవగలిగినంతవరకు ఎక్కించి, ‘ఇక్కడి నుంచి షీటు చదవలేం’ అని వ్యాఖ్య రాసి, ఫలితం పెట్టి వదిలెయ్యండి. ఆయన ఓడిన ఆటలూ ఎక్కించాలి. గెలిచినవే ఏరి పంపితే చరిత్ర రాసేవాళ్లకు ఆ సేకరణ మీద నమ్మకం పోతుంది, ఎదుటివాడి గెలుపూ చెరిగిపోతుంది.

పుస్తకాల్లో ఏది దేనికి

ముందు ఆయన చేతిరాత ఉన్నవి ఏరండి. మార్జిన్లలో వేరియేషన్లు (ఆడగలిగిన వేరే ఎత్తుల వరసలు), పక్కన ప్రశ్నార్థకాలు, సంతకాలు, బహుమతిగా వచ్చినట్టు ముద్రలు. ఇవి పుస్తకాల లెక్కలోకి రావు, కాగితాలతోనే వెళ్లాలి. విడదీస్తే రెండూ అర్థం కాకుండా పోతాయి.

తర్వాత బులెటిన్లు, సావనీర్లు, రాష్ట్ర సంఘం పత్రికలు, తెలుగులో వచ్చిన చదరంగం పుస్తకాలు. చూడ్డానికి పలచటి సైక్లోస్టైల్ కాగితాలు, చిల్లు పొడిచి దారం కట్టినవి. వందా రెండొందల కాపీలకు మించి వేసి ఉండరు. హైదరాబాద్‌లో 2002లో ఫిడే వరల్డ్ కప్ జరిగి ఆనంద్ గెలిచినప్పటి ఆటలు డేటాబేసుల్లో ఉన్నాయి. 1970లలో ఒక జిల్లా కేంద్రంలో జరిగిన ఓపెన్ టోర్నమెంటు ఆటలు ఆ సైక్లోస్టైల్‌లోనే ఉంటాయి. దేశంలోనూ బయటా గ్రంథాలయాలు నిజంగా కావాలనేవి ఇవే.

ఇన్ఫార్మెంట్లు, అంటే ఎంపిక చేసిన ఆటలను వరస సంఖ్యలతో అచ్చేసే సంపుటాలు, బెల్‌గ్రేడ్ నుంచి 1966లో మొదలయ్యాయి. మొదట్లో ఏడాదికి రెండు సంపుటాలు, తర్వాత మూడు. వీటి విలువ వరసలో ఉంది. 1 నుంచి 50 దాకా తెగకుండా ఉంటే అడిగేవాళ్లుంటారు. మధ్యలో పది పోతే మిగతావి విడి కాపీల ధరకే పోతాయి. కాబట్టి ఏ సంఖ్యలు ఉన్నాయి, ఏవి లేవు అన్నది జాబితాలో మొదటి వరసలో రాయండి, ఇంటికొచ్చిన కుర్రాడికి ‘ఒకటి తీసుకెళ్లు బాబూ’ అని మధ్యలోంచి తీసివ్వొద్దు.

ఓపెనింగుల (ఆట మొదటి ఎత్తుల) పుస్తకాలు, ముఖ్యంగా 1970 నుంచి 1995 దాకా వచ్చినవి, పిల్లలకు పనికిరావు. ఇంజన్లు వాటిలో చాలా మాటలను కొట్టేశాయి. అకాడమీకి ఇవి ఇస్తే తీసుకుంటారు గానీ చదవరు. ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) పుస్తకాలు, ఆటల సంకలనాలు, ఎత్తుగడల అభ్యాసాలు మాత్రం ఏనాటివైనా పనికొస్తాయి. విశాలాంధ్ర షాపుల్లో అప్పట్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. రష్యన్ భాషలో ఉన్నా బొమ్మలూ ఎత్తులూ చదవొచ్చు. కోచ్ దగ్గర ఉంటే పనికొస్తాయి, నేరుగా పిల్లలకిస్తే మూలన పడతాయి.

జాబితా ఒక షీటులో వెయ్యండి: పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, భాష, స్థితి, చేతిరాత ఉందా లేదా. పేరు అట్ట మీది నుంచి కాక లోపలి పేజీ నుంచి రాయండి. స్థితి ‘బాగుంది’ అని కాకుండా ‘వెన్ను ఊడింది, 12 పేజీల్లో చెద రంధ్రాలు’ అని రాయండి. ‘బాగుంది’ అని చదివి తీసుకుని, తెరిచాక చెద చూసిన గ్రంథాలయం రెండో పెట్టె తీసుకోదు.

ఎవరిని అడగాలి

అన్నీ ఒకేచోటికి పోవాలన్న పట్టుదల వద్దు. కాగితాలు దాచేచోట, ఆటకు పనికొచ్చే పుస్తకాలు ఆడేచోట ఉంటే మంచిది.

కాగితాలకు, చేతిరాత ఉన్న పుస్తకాలకు, బులెటిన్లకు పరిశోధన గ్రంథాలయం కావాలి. హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వ్యక్తుల సేకరణలు దాచే చోటు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికలకు పేరున్నది. ఇవి చదరంగం గ్రంథాలయాలు కావు, కాబట్టి మీ కాగితాల్లో తెలుగునాట క్రీడాచరిత్ర ఎక్కడుందో మీరే చెప్పాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలనూ అడగండి. జిల్లా గ్రంథాలయానికి మామూలు పుస్తకాలు ఇవ్వొచ్చు, చేతిరాత కాగితాలు ఇవ్వొద్దు. వాటిని ఉంచడానికి అక్కడ ఏర్పాటు ఉండదు.

విదేశాల్లో చదరంగానికే పేరుపడ్డ సేకరణలు మూడున్నాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీలోని జాన్ జి. వైట్ సేకరణ, హేగ్‌లో నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయంలోని వాన్ డెర్ లిండె-నీమెయర్ సేకరణ, మెల్‌బోర్న్‌లో విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయంలోని ఆండర్సన్ సేకరణ. మీ ఇంట్లోని ఇంగ్లిషు పుస్తకాలు చాలావరకు వాళ్ల దగ్గర ఉంటాయి. తెలుగు చదరంగం పుస్తకం, ఆంధ్రా సావనీరు వాళ్ల దగ్గర లేకపోవచ్చు. జాబితా పంపి, జవాబు వచ్చాకే కదలండి. చేతిరాత ప్రతి 75 ఏళ్లు దాటి చారిత్రక విలువ ఉన్నదైతే 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు సూట్‌కేసులో పెట్టుకునే ముందు ఇది చూసుకోవాలి.

ఆటకు పనికొచ్చే పుస్తకాలకు అకాడమీ, స్కూలు, అపార్టుమెంటు క్లబ్బు ఏదైనా సరే, ఒక బీరువా, ఒక రిజిస్టరు, దాన్ని చూసుకునే ఒక మనిషి ఉన్నారా అని అడగండి. మూడూ లేకపోతే ఏడాదిలో పుస్తకాలు కనిపించవు. ముందు ఇరవై ఇచ్చి, ఆరు నెలల తర్వాత వెళ్లి చూసి, మిగతావి ఇవ్వండి. ఓపెనింగుల పుస్తకాలు మిగిలితే ఆబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాలవాళ్లకు ఇవ్వొచ్చు. తూకానికి మాత్రం వద్దు.

గడియారం స్ప్రింగు మొత్తం విప్పుకునేదాకా నడిపించి, అలాగే పెట్టెలో పెట్టండి. కీ గట్టిగా తిప్పి ఏళ్ల తరబడి ఉంచితే స్ప్రింగు చెడుతుంది. పావులు ఏనుగు దంతానివైతే ఆగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతం అమ్మడం నేరం. అటవీ శాఖను అడగకుండా ఎవరికీ ఇవ్వొద్దు, ఆన్‌లైన్లో ఫోటో కూడా పెట్టొద్దు.

ఉత్తరం, ఒప్పందం

గ్రంథాలయానికి రాసే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఈ తీరులో ఉంటే చాలు:

‘నమస్కారమండీ. మా నాన్నగారు 1968 నుంచి 2009 దాకా రాష్ట్ర స్థాయిలో చదరంగం ఆడారు. ఆయన స్కోర్ షీట్లు 312, నోటుపుస్తకాలు 9, ఉత్తరాల ఆటల కార్డులు సుమారు 400, ఆయన చేతిరాత ఉన్న పుస్తకాలు 41 ఉన్నాయి. మొత్తం నాలుగు పెట్టెలు, గోడ పక్కన ఐదడుగుల అర పడుతుంది. అన్నిటికీ ఫోటోలు తీశాం, ఆటలను పీజీఎన్ ఫైలులో ఎక్కించాం, అవి కూడా ఇస్తాం. రెండు కార్డుల కట్టలకు చెద పట్టి శుభ్రం చేశాం. జాబితా, పది ఫోటోలు జతచేస్తున్నాం. మీకు అనువైతే వచ్చి చూపిస్తాం.’

ఎంత చోటు పడుతుందో చెప్పడం ముఖ్యం. గ్రంథాలయాలు కాదనడానికి మొదటి కారణం స్థలం, రెండోది జాబితా లేకపోవడం, మూడోది కుటుంబం పెట్టే షరతులు. ‘ఆయన పేరు మీద గది కావాలి’, ‘ఒక్క పుస్తకం కూడా ఎప్పుడూ తీసెయ్యకూడదు’ అంటే మర్యాదగా సరేనని గోడౌన్లో పెడతారు. దానికి బదులు నాలుగు విషయాలు అడగండి: కాగితాలు ఒకే సేకరణగా ఉంచుతారా, కేటలాగులో ఎప్పటికి ఎక్కిస్తారు, చదివేవాళ్లకు చూపిస్తారా, అక్కర్లేనివి తీసేసే ముందు మాకు చెబుతారా.

ఇచ్చేది చరాస్తి కాబట్టి రిజిస్ట్రేషన్ అవసరం లేదు, చేతికి అప్పగిస్తే చెల్లుతుంది. అయినా రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. వారసులందరి సంతకాలూ ఉండాలి. ఒక్క తమ్ముడికి చెప్పకుండా ఇస్తే రెండేళ్ల తర్వాత గ్రంథాలయం గుమ్మంలో గొడవ అవుతుంది. కాపీరైటు సంగతి విడిగా రాయండి. ఆయన వ్యాఖ్యలు, విశ్లేషణలు ఆయన పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా వారసులవి. వాటిని స్కాన్ చేసి అందరికీ చూపించడానికి మీరు అనుమతి ఇవ్వొచ్చు. ఇతరులు ఆయనకు రాసిన ఉత్తరాల్లో కాగితం మీ సొంతం, రాత మీద హక్కు రాసినవాళ్లది. కాబట్టి అవి చదవనివ్వొచ్చు గానీ అచ్చు వెయ్యడానికి వాళ్లను అడగాలి. బతికున్నవాళ్ల ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటే ఆ కవరు మీద గుర్తు పెట్టండి.

మోసుకెళ్లడం

పుస్తకాల పెట్టె 12 కిలోలు దాటితే అడుగు ఊడుతుంది. పెద్ద టీవీ పెట్టె కన్నా మందుల షాపుల్లో దొరికే చిన్న గట్టి అట్టపెట్టెలు నయం. పుస్తకాలను వెన్ను కిందికి గానీ పడుకోబెట్టి గానీ పెట్టండి. అంచుల మీద నిలబెడితే దారిలో కుట్లు తెగుతాయి. ఖాళీల్లో తెల్లకాగితం కుక్కండి, న్యూస్‌పేపరు సిరా అంటుతుంది. లోపల ఒక పాలిథీన్ సంచి, పైన ‘3లో 1’, ‘3లో 2’ అని నంబరు, ఏ పెట్టెలో ఏమున్నాయో జాబితా ఆ పెట్టెలోనే పై వరసలో.

పుస్తకాల పెట్టెలు ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. తక్కువైతే తపాలా శాఖ 2025లో పెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది, ప్యాకెట్టు 5 కిలోల దాకా. స్కోర్ షీట్లు, నోటుపుస్తకాలు మాత్రం ఎవరో ఒకరు చేతిసంచిలో పట్టుకుని వెళ్లి ఇచ్చి రావాలి. లెక్కపెట్టి ఇచ్చి, లెక్కతో కూడిన రశీదు తీసుకోండి: ‘నాలుగు పెట్టెలు అందాయి’ అని కాదు, ‘స్కోర్ షీట్లు 312 అందాయి’ అని.

పీజీఎన్ ఫైలు ఒక కాపీ రాష్ట్ర చదరంగం సంఘానికి పంపండి. ఆయన ప్రత్యర్థుల్లో ఎవరైనా ఉంటే వాళ్లకూ ఒకటి. వాళ్ల దగ్గర ఇదే ఆటల రెండో షీటు ఉండొచ్చు, మీ కాగితం మీద చదవలేకపోయిన 34వ ఎత్తు అందులో స్పష్టంగా ఉండొచ్చు.